అక్క వదిలిపోయిన రణపాల

నా చిన్నప్పుడు మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. మా పక్కిల్లు సాయిబులది. ఆ ఇంటామెను వీధి పిల్లలమంతా వాళ్ల మాటలోనే ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేవాళ్లం. ఆమె కూతురంటే నాకు ప్రాణం. పెళ్లయి పొదిలికి పోతూ ఆ అక్క, పగిలిన కుండలో పెంచుకున్న తన రణపాల మొక్కను నాకు అప్పజెప్పింది. "రంజానుకు వస్తా, అందాక చూసుకోమ్మా" అనింది. మందపాటి ఆకులు, లాంతర్లలా తలకిందులుగా వేలాడే ఎర్రటి పూలు. అట్లాంటి మొక్క మా వీధిలో ఇంకెవరింట్లోనూ లేదు.

ఆ ఏడు వానలు మొగం చాటేసినాయి. బావి అడుగంటింది. ఎండకు మొక్క ఎక్కడ చచ్చిపోతుందోనని, నేను తాగే నీళ్లలో సగం రోజూ దానికే పోసినాను. కొన్నాళ్లకు ఆకులు పసుపెక్కినాయి, కాండం నల్లబడి మెత్తగా వాలిపోయింది. దాహమేమో అనుకుని ఇంకా పోసినాను.

రంజాను దగ్గరపడుతున్నా మొక్క తేరుకోలేదు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఊరి బయట పలకరాయి గనుల దాకా పోయినాను. రాతికుప్పల మధ్య అట్లాంటి దళసరి ఆకుల మొక్కే కనపడింది. ముళ్లు గీరుకున్నా, చేతులకు జిగురు అంటినా లెక్కచేయకుండా కొమ్మ విరుచుకొచ్చి కుండలో గుచ్చినాను. అక్క మొక్కను గోడ అవతల పడేసినాను.

సాయంత్రం ఖాలా వచ్చి కుండ వైపు చూసి, ఒక ఆకు తుంచింది. తెల్లటి పాలు కారినాయి.

"ఇది ఆకుజెముడు కదమ్మా, ఈ పాలు పడితే చూపే పోతాది! ఈ చేతుల్తో కండ్లు గాని నలుపుకున్నావా ఏంది? ఇట్ల రా, చూడనీ" అని నన్ను వెలుగులోకి లాక్కుంది.

తిడుతుందనుకున్న మనిషి అట్లా నా కళ్లు వెతుకుతుంటే ఏడుపు ఆగలేదు. ఉన్నదంతా చెప్పేసినాను.

ఆమె నా చేతులు కడిగి, గోడ అవతలి నుంచి మొక్కను తెప్పించింది. కుళ్లినదంతా తీసేసి, గట్టిగా ఉన్న మూడు ఆకులు ఏరింది. "రణపాలను తుంచితే పాలు రావు, ఉత్త నీళ్లే. అంచున ఈ నొక్కులు చూసినావా? పిల్లమొక్కలు పుట్టేది ఈడే. ఇది తన నీళ్లు తన ఆకుల్లోనే దాచుకుంటాది. నువ్వు ప్రేమకొద్దీ ముంచేసినావు" అనింది. ఆకులను నీడన పొడిమన్ను మీద పరిచి, తను చెప్పేదాకా చుక్క కూడా పోయొద్దనింది.

పోయకుండా ఊరుకోవడం ఎంత కష్టమైందో! రెండు వారాలకు ఒక ఆకు అంచున ఆవగింజంత మొలక, దాని కింద దారపు పోగంత వేరు. నేను పెట్టిన కేకకు మా నాయన కూడా పరుగెత్తుకొచ్చినాడు.

రంజానుకు అక్క వచ్చేనాటికి మూడు ఆకుల అంచులా మొలకలే. ఖాలా నా తరఫున ఏమీ చెప్పలేదు, నన్నే ముందుకు తోసింది. తల దించుకుని జరిగిందంతా చెప్పినాను. అక్క ఆ మొలకలను ఒక్కొక్కటే లెక్కపెట్టి, "నేను ఒకటిచ్చిపోతే ఇన్ని చేసినావే!" అని నవ్వింది. పోయేటప్పుడు రెండు పొదిలికి తీసుకుపోయింది.

ఇప్పుడు మా మనవరాలు ఏదైనా పాడుచేసి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడితే, ఎందుకు చేసినావని ముందే అడగను. దెబ్బేమైనా తగిలిందా అని చూస్తాను. తర్వాత ఇద్దరం కింద కూర్చుని, అందులో ఇంకా బాగున్నదేముందో ఏరుకుంటాం.