ముక్కాల్గంట సంబంధం

కడప శివార్లలోని విమానాల మైదానానికి బాలస్వామి కాపలాదారు. పేరుకు కాపలా గానీ, ఆయన యుద్ధమంతా మేకలతోనే. వారానికో పదిరోజులకో ఒక చిన్న విమానం వచ్చేది. అది దిగేలోపు మేకలనూ బర్రెలనూ అదిలించి నేల ఖాళీ చేయాలి. అరిచి అరిచి అలవాటైపోయి, ఇంట్లో రహస్యం చెప్పినా వీధి చివరికి వినబడేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అక్కడా ఊరి బయట ఇలాంటి మైదానమే ఒకటి. దాని కాపలాదారు దావీదురాజు పెళ్లికాని కుర్రాడు, బుద్ధిమంతుడు. రెండుచోట్లకీ తిరిగే పైలట్ ద్వారా సంబంధం కబురు వచ్చింది. కుర్రాడు రైల్లో వచ్చి బాలస్వామి కూతురు కృపమణిని చూసి పోయాడు. బాలస్వామి ఎగిరి గంతేశాడు. భార్య విశ్వాసమ్మతోనే వచ్చింది చిక్కంతా. ఒక్కగానొక్క కూతురాయె. పొద్దున పోయి దీపాలవేళకు తిరిగి రాలేని ఊరికి బిడ్డనివ్వనని చర్చి ముందర పదిమందిలో శపథం చేసిన మనిషి ఆమె.

"ఏందే నీ పిచ్చి! కర్నూలేమన్నా సముద్రాలవతలి సీమదేశమా? ఇమానంలో ముక్కాల్గంట. మన గేటుకాడ ఎక్కితే వాళ్ల గేటుకాడ దిగేదే!"

"ముక్కాల్గంటనా?"

"అంతే. నువ్వు సంగటి కెలికి దించేలోపల పోతావు."

విశ్వాసమ్మ ఆయన మొహం వంక కాసేపు చూసింది. "అట్లయితే దగ్గరే గదా" అంది. వాడలో అందరికీ అదే చెప్పుకుంది. పెళ్లయింది, పిల్ల కాపురానికి పోయింది.

అప్పట్నుంచీ బాలస్వామికి ముద్ద దిగితే ఒట్టు. ఆ విమానం ఎక్కేది మంత్రులూ పెద్ద ఆఫీసర్లూ. ఆ సంగతి తెలిసిననాడు తన గతేమిటి దేవుడా అని ఒకటే గుబులు.

ఆ రోజు రానే వచ్చింది. విమానం బయల్దేరబోతుండగా విశ్వాసమ్మ పెళ్లినాటి చీర కట్టుకొని, నెత్తిన పిండివంటల గంపతో గేటు దగ్గర ప్రత్యక్షమైంది. బాలస్వామి ఎదురు పరిగెత్తాడు.

"నీకు అబద్ధం చెప్పినానే! మనట్లాంటోళ్లను దాంట్లో ఎక్కించుకోరు."

"తెల్సులే. సంబంధం మాట తెచ్చిననాడే పైలట్ సారును అడిగినా."

"మళ్ల ఎందుకు ఒప్పుకున్యావే?"

"పాప ఆ పిల్లోన్ని చూసి ఎట్ల నవ్వినాదో నువ్వు చూల్యా. ఆ మొగం చూసినాంక వద్దని ఎట్లంటా? పదిమందిలో నోరు జారినా గదా, తప్పించుకునేకి నాకూ ఒక మాట కావల్సి ఉండె. నువ్వు చెప్తివి, నేను పట్టుకుంటి."

"మరి ఈ ముస్తాబేందే?"

"నేను పోకున్నా నిప్పట్లు పోతాయి గదా! మాసిన చీరతో వస్తే ఆ సారు గంప ముట్టుకుంటాడా?"

పైలట్ గంప అందుకుని లోపల పెట్టుకున్నాడు. విమానం లేచిపోయింది. విశ్వాసమ్మ ఇంటికి పోలేదు. గేటు పక్కన ఎండలోనే కూలబడింది. బాలస్వామి వచ్చి పక్కన కూర్చున్నాడు. మేకలు మైదానమంతా పరుచుకున్నా లేవలేదు. విమానం పోయి ముక్కాల్గంట దాటాక ఆమె అంది.

"ఈపాటికి పాప చేతికి అందింటాది."

అంతే, చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమంది. బాలస్వామి ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకోవే. రేపు రైలుకు పోదాంలే, ఇద్దరమూ" అన్నాడు.

ఆమె ముక్కు చీదుకుంటూ కసిరింది. "రేపటిదాంక ఎందుకు? ఈపొద్దు బండి ల్యాదా?"