ఒత్తాల్నా, వద్దా

కెసినోలో పనిచేస్తున్నానని మా వాళ్ళెవరికీ చెప్పలేదు. "హోటల్ అని చెప్పు. అబద్ధం కాదుగా, పైన రూములున్నాయి" అన్నాడు మా ఆయన. డిపెండెంట్ వీసా మీద ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్నాను. వర్క్ పర్మిట్ వచ్చాక ఎంసీఏ సర్టిఫికెట్ పట్టుకుని ఎన్ని చోట్ల అప్లై చేసినా ఎవరూ పిలవలేదు. టెక్సస్ దాటి ఓక్లహోమాలో అడుగుపెట్టగానే కనబడే ఆ కెసినో వాళ్ళు మాత్రం పిలిచారు.

పగటి షిఫ్టు. మిషన్ల మధ్య తిరుగుతుండాలి. ఏ మిషన్ నెత్తిన లైటు వెలిగితే దాని దగ్గరికి వెళ్ళి, ఇరుక్కున్న కాగితం తీయాలి, లేదా గెలిచినవాళ్ళకి డబ్బు తెచ్చివ్వాలి. ఆడేవాళ్ళ బటన్లు ముట్టుకోకూడదని, ఎలా ఆడాలో నోరు విప్పి చెప్పకూడదని చేరిన రోజే గట్టిగా చెప్పారు.

ఆవిడ వీడియో పోకర్ వరసలో చివరి మిషన్ దగ్గర కూర్చునేది. కాటన్ చుడీదార్, పైన మగవాళ్ళ స్వెటర్, కాళ్ళకి తెల్ల స్నీకర్లు. అరవై దాటి ఉంటాయి. లైటు వెలిగిందని వెళ్తే, నా మెడలో నల్లపూసలు చూసి మొహం విప్పారింది.

"తెలుగు పిల్లవే గదా బిడ్డా?"

"అవునండీ."

"అట్లయితే చెప్పు. ఇది మల్ల అడుగుతున్నది. ఒత్తాల్నా, వద్దా?"

స్క్రీన్ మీద 'డబుల్ అప్?' అని వెలుగుతోంది. దాని కింద ఎస్, నో. అప్పుడే ఏదో చిన్న ఆట గెలిచింది. నో నొక్కితే గెలిచింది గెలిచినట్టే ఉంటుంది. ఎస్ నొక్కితే మిషన్ ఒక పేకముక్క తెరిచి చూపించి, నాలుగు ముక్కలు బోర్లా పెడుతుంది. వాటిలోంచి చూపించిన దానికన్నా పెద్ద ముక్క తీస్తే గెలిచింది రెట్టింపు. చిన్నది తీస్తే మొత్తం పోతుంది.

"చెప్పకూడదండీ. మా రూలు" అన్నాను.

"గిదేం రూలు! తెలుగుల చెప్తే వాళ్ళకేం ఎరుక?" అని నవ్వి, ఎస్ నొక్కింది. పోయింది. ఆ నవ్వు అలాగే ఉంది.

ఆవిడది వరంగల్ వైపు. భర్త పోయాక టెక్సస్ వైపు ఇర్వింగ్‌లో కూతురి దగ్గరికి వచ్చి, ఇద్దరు మనవల్ని పెంచింది. వాళ్ళు కాలేజీలకి వెళ్ళిపోయారు. కూతురూ అల్లుడూ పొద్దున ఆఫీసుకి పోతే రాత్రికి వస్తారు. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళ ఫంక్షన్లకి ఇంట్లోనే పులిహోర, బొబ్బట్లు, పెద్ద పెద్ద ట్రేల నిండా చేసిచ్చేది. ఆ సంపాదనతోనే పాత కారొకటి కొనుక్కుంది. హైవే మీద ట్రక్కుల మధ్య తనే డ్రైవ్ చేసుకుంటూ వచ్చేది. మొదటిసారి గుడివాళ్ళు పెద్దవాళ్ళ కోసం వేసిన బస్సులో వచ్చిందట. ఆ తర్వాత బస్సు కోసం చూడలేదు.

రెట్టింపు ఆట గురించి నాకు తెలిసింది ఇంతే: మిగతా ఆటలన్నిటిలో కెసినోకి వాటా ఉంటుంది, దీంట్లో ఉండదు. నాణెం ఎగరేసినట్టు, సగానికి సగం. ట్రైనింగ్‌లో ఈ మాట విని, అంత ధర్మంగా ఉంటే మరి ఎందుకు పెట్టారబ్బా అనుకున్నాను. ఆవిడ పక్కన నిలబడి చూశాక అర్థమైంది. గెలిచిన ప్రతిసారీ మిషన్ మళ్ళీ అడుగుతుంది. పోగొట్టుకున్నాకే అడగడం మానేస్తుంది. కాబట్టి ఆవిడ ఏనాడూ గెలిచిన డబ్బు దగ్గర ఆగలేదు. ఆగేది ఎప్పుడూ సున్నా దగ్గరే.

ఒకరోజు జనం లేరు. నేను పక్క మిషన్ అద్దం తుడుస్తున్నాను.

"ఎందుకు ఆంటీ ప్రతిసారీ నొక్కుతారు?" అని అడిగాను. అది సలహా కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆవిడ స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. "గీ మిషన్ ఒక్కటే నన్ను అడుగుతది బిడ్డా. కావాల్నా, వద్దా అని. ఇంట్ల ఎవరడుగుతరు? డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేసినం, పద అంటరు. ఇండియాకి టికెట్ క్యాన్సిల్ చేసినం అంటరు. మంచిగనే చూసుకుంటరు, నేను కాదన. గని అడగరు."

గుడ్డ మడతపెట్టుకుని పక్క వరసకి వెళ్ళిపోయాను.

ఎండాకాలం మధ్యలో ఆవిడకి నాలుగు ఆసులు పడ్డాయి. ఆ వరసలో అంత పెద్ద గెలుపు నేను చూడటం అదే మొదలు. పాట మోగింది. అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు లేచి వచ్చి భుజం తట్టారు. పాట ఆగగానే స్క్రీన్ మీద మళ్ళీ అదే ప్రశ్న. ఆవిడ నా వైపు చూసింది. సూపర్‌వైజర్ దూరంగా ఉన్నాడు.

"వద్దు ఆంటీ. తీసేసుకోండి. ఈ ఒక్కసారికి" అన్నాను.

నేను చెప్తే ఆగుతుందనే అనుకున్నాను. ఇన్ని వారాలుగా అడుగుతున్నది అందుకే కదా. కానీ ఆవిడ మొహంలో వెలుగు తగ్గిపోయింది.

"నువ్వు గూడ మా బిడ్డ లెక్కనే మాట్లాడుతున్నవ్" అని ఎస్ నొక్కింది.

మిషన్ ఏడు చూపించింది. ఆవిడ తీసింది రాణి. గెలుపు రెట్టింపైంది. వెనక నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు. "చూసినవా?" అన్నట్టు నా వైపు తిరిగింది. మిషన్ మళ్ళీ అడిగింది. మళ్ళీ ఎస్. ఈసారి రాజు తెరుచుకుంది. రాజు మీద గెలవాలంటే ఆసు ఒక్కటే దిక్కు. ఆవిడ వేలు నాలుగు ముక్కల మీదా మెల్లగా తిరిగి, చివరిదాని మీద ఆగింది. ఇస్పేటు ఆరు.

జనం ఎవరి మిషన్లకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆవిడ స్వెటర్ గుండీలు పెట్టుకుంది.

"చల్లగున్నది. కొన్ని మంచినీళ్ళు తెచ్చిస్తవా?" అంది.

తెచ్చిచ్చాను. కప్పు రెండు చేతులతో పట్టుకుని తాగింది.

ఆ వారమే ఒక గృహప్రవేశానికి వంట ఒప్పుకుందని నాకు తర్వాత తెలిసింది. అడ్వాన్స్ తీసుకుని, ఆ డబ్బుతోనే ఆడింది. గెలిస్తే సరుకులు కొని వండేద్దామనుకుందేమో. గృహప్రవేశం రోజు పొద్దున ఫోన్ ఆఫ్ చేసి పార్కులో కూర్చుంది. అక్కడ వ్రతం అయిపోయి, పిల్లాజెల్లాతో జనమంతా ఆకలి మీద కూర్చుంటే, భోజనం రాలేదు. చివరికి ఎవరో పిజ్జాలు ఆర్డర్ చేశారట. ఇర్వింగ్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిటిలో సాయంత్రానికల్లా అదే కథ.

తర్వాతి వారం కూతురు ఆవిడని తీసుకుని కెసినో సెక్యూరిటీ ఆఫీసుకి వచ్చింది. ఇక లోపలికి రానివ్వొద్దని ఆడే మనిషే సంతకం పెట్టే పద్ధతి ఒకటుంది. ఆంటీకి ఇంగ్లీష్ సరిగా రాదేమోనని నన్ను పిలిచారు.

"మీరు తెలుగువాళ్ళే కదా," అంది కూతురు నన్ను చూడగానే. ఆఫీసు బట్టల్లోనే ఉంది, కళ్ళు వాచి ఉన్నాయి. "మీ అమ్మ వయసు. చూస్తూ ఎలా ఊరుకున్నారండీ?"

"వద్దని చెప్పానండీ" అన్నాను. ఆ మాట నా చెవికే చాలా చిన్నగా వినిపించింది. ఆంటీ తలెత్తలేదు.

ఆఫీసర్ మర్యాదస్తుడు. ఒక సంవత్సరమా, ఐదేళ్ళా, జీవితాంతమా, ఏది కావాలని ఆవిడనే చూస్తూ అడిగాడు.

"లైఫ్‌టైమ్" అంది కూతురు.

"ఆవిడే చెప్పాలి మేడమ్" అన్నాడు.

నేను తెలుగులో చెప్పాను. ఆంటీ కూతురి వైపు చూసింది, ఆ తర్వాత బల్ల వైపు. "దానికి ఏది మంచిగనిపిస్తే గది రాసుకోమను" అంది. ఫోటో తీసేటప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆగమని, జుట్టు సవరించుకుంది.

చలికాలం మొదట్లో మళ్ళీ వచ్చింది. నన్ను పిలిపించేసరికి ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళ మధ్య నిలబడి ఉంది. మిషన్‌లో ఇంకా క్రెడిట్ ఉంది. బ్యాన్ ఉన్నవాళ్ళకి గెలిచినా డబ్బివ్వరు. ఆ సంగతి సంతకం పెట్టిన రోజు నేనే చదివి వినిపించాను.

"నాకు ఇంగ్లీష్ రాదని చెప్పు వాళ్ళకి" అంది నాతో.

చెప్పాను. వాళ్ళు నమ్మలేదు, కానీ పోలీసుల్ని పిలవలేదు. ఈసారికి హెచ్చరించి వదిలేస్తున్నామని, మళ్ళీ వస్తే కేసు పెడతామని చెప్పమన్నారు. బయటిదాకా నన్నే తీసుకెళ్ళమన్నారు. పార్కింగ్‌లో గాలి ఈడ్చి కొడుతోంది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నా అరచేతిలో ఎముకలే తగిలాయి.

"గెలిచినా ఇవ్వరని తెలుసు కదా ఆంటీ?"

"ఎరుకే."

"మరెందుకు వచ్చారు?"

"ఆడుదామని వచ్చిన" అంది. ఎందుకు తిన్నావంటే ఆకలేసిందన్నట్టు చెప్పింది.

ఆవిడ ఫోన్ తీసుకుని కూతురికి చేశాను. తను వచ్చేదాకా ఇద్దరం ఆంటీ కారులో హీటర్ వేసుకుని కూర్చున్నాం. అన్నం తిన్నావా, పిల్లలెప్పుడు అని అందరు ఆంటీలూ అడిగేవే నన్ను అడిగింది, నా నంబర్ కూడా తీసుకుంది. కూతురు వచ్చి చెయ్యి చాపింది. ఆంటీ కారు తాళాలు ఆ చేతిలో పెట్టి, దిగి, కూతురి కార్లోకి వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది. ముందు సీటు ఖాళీగానే ఉంది.

సంక్రాంతి వెళ్ళాక ఆవిడని వేరే రాష్ట్రంలో, అల్ఫారెట్టాలో ఉండే కొడుకు దగ్గరికి పంపేశారు. అక్కడ కారు లేదు, వంటలు ఒప్పుకోవడం లేదు. ఆ మాట ఆవిడే ఫోన్ చేసి చెప్పింది. గొంతు బాగా నీరసించింది.

"ఎలా ఉన్నారు ఆంటీ?"

"ఉన్న బిడ్డా. మందులు, టీవీ. మా కోడలు మంచిదే." తర్వాత గొంతు తగ్గించి, "ఈడ పెట్రోల్ బంకులల్ల గూడ మిషన్లున్నయి తెలుసా? నడిచిపోయేంత దూరంల ఒకటున్నది. గని అవి వేరే తీరు. రెట్టింపు చేస్తవా అని అడగవు. అయినా నేను..." అంది.

వెనక ఎక్కడో తలుపు చప్పుడైంది.

"పచ్చడిల మెంతిపిండి జర్ర తక్కువ వెయ్యాలె బిడ్డా" అంది గట్టిగా, ఉన్నట్టుండి హుషారుగా. "ఎక్కువైతే చేదొస్తది. ఆవపిండి నీ ఇష్టం. సరే మరి, ఉంట."

పెట్టేసింది. తర్వాత నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి కొడుకు ఎత్తి, అమ్మ పడుకుంది అన్నాడు. రెండోసారి ఆ నంబర్ పనిచేయలేదు.