మసికాగితం మీద తిన్నని గీత

భవానీపురంలో మగ్గం గోతిలో కాళ్లు పెట్టుకొని బ్రతుకు నడుపుకొనే చౌడయ్యకు పెండ్లయి ఏండ్లు గడిచినా సంతానం కలుగలేదు. యుద్ధం ముగిసిన యేడు బావమరిది అంకమ్మరావు కులపెద్దల యెదుట నిలిచి, "మా బావకు మగతనం లేదండీ. చెల్లెల్ని తీసుకుపోయి మారుమనువు చేస్తాం" అన్నాడు. చౌడయ్య భార్య నాగమల్లేశ్వరిని అడిగినవారు లేరు. స్త్రీపురుషుల కోరికను యంత్రంతో కొలిచి పరిశోధించే డాక్టరుగారొకరు బెజవాడలో ఉన్నారని విని, ఆయన మాటే తీర్పని పెద్దలు నిర్ణయించారు.

శివుని కంటిమంటకు కాయం కోల్పోయి అనంగుడైన మన్మథుణ్ణి ఆ డాక్టరుగారు రబ్బరు పట్టీతోను, ఉక్కుములికితోను పట్టబూనారు. చేతికి పట్టీ బిగిస్తే, నాడి కొట్టుకొన్నప్పుడల్లా ములికి ఊగి, తిరిగే డోలుకు చుట్టిన, దీపపు పొగ పట్టించిన మసికాగితం మీద గీత గీస్తుంది. కోరిక కలిగితే గీత ఎగసిపడాలి. ఆ సంగతి చౌడయ్యకు ముందుగా చెప్పరాదు. చెబితే పరీక్ష చెడుతుందట.

బెజవాడలో డాక్టరుగారి గదిలో చౌడయ్య చేతికి పట్టీ బిగించి కూర్చోబెట్టారు. వీధిలో జట్కాబండి గంట మోగింది. చౌడయ్య ఉలిక్కిపడ్డాడు. ములికి జారింది.

"కదలమాకయ్యా!" కాంపౌండరు జక్కయ్య విసుక్కున్నాడు. "గీత పాడైపోయింది చూడు. మళ్లా మసి పట్టించాలి."

చౌడయ్య నాలుక కరచుకొన్నాడు. పడుగులో ఒక్క పోగు వంకరపోతే చీరంతా చెడే వృత్తి వానిది. తెగిన పోగు అతికేటప్పుడు ఊపిరి బిగబట్టి గుండెను సైతం నెమ్మదింపజేయడం తండ్రి నేర్పిన విద్య. గీత తిన్నగా రావడమే తాను నెగ్గడమని ఎంచుకొన్నాడు.

అప్పుడు విరజాజులు ముడిచిన నాగమల్లేశ్వరిని తీసుకువచ్చి, అతని యెదుట కూర్చోబెట్టి, చేయి పట్టుకొమ్మన్నారు. ఒళ్లు ఝల్లుమంది. 'స్వామీ, ఇప్పుడు కాదు' అని కళ్లు మూసుకొని, పొంగిన ప్రాణాన్ని అణచివేశాడు. గీత నేసినట్టు సమంగా వచ్చింది.

"చలనం లేదు. కోరిక ఉంటే గీత ఎగసిపడేది" అన్నారు డాక్టరుగారు.

"అదేంటండీ! గీత చెడకూడదని నేనే బిగబట్టానండీ. మళ్లీ పెట్టండయ్యా, ఈసారి వదిలేస్తాను."

"సంగతి తెలిశాక నీ మీద పరీక్ష చెల్లదు చౌడయ్యా. శాస్త్రం ఒప్పుకోదు."

"బిగబట్టాడంట!" అంకమ్మరావు పకపక నవ్వాడు. "మగ్గం మీద బిగబట్టు బావా, నీకు కాపురం దేనికి?"

"అన్నయ్యా, నా మాట కాస్త..." అంది నాగమల్లేశ్వరి.

"నువ్వూరుకో."

జక్కయ్య కాగితాన్ని లక్కనీట ముంచి ఆరవేశాడు. ఇక చెరిపినా చెరగదు. అన్న వెంట గడప దాటుతూ ఆమె ఒక్కమారు వెనుదిరిగి చూసింది. చౌడయ్య గుండె పక్కటెముకలు బద్దలయ్యేటట్లు కొట్టుకొంది. రబ్బరు పట్టీని అప్పటికే విప్పి, చుట్టచుట్టి, బల్లమీద పెట్టేశారు.