ఆ రోజు దించని షట్టరు

ఆ రోజు నేను దుకాణంలోనే ఉన్నాను. బియ్యం బస్తాల వెనక నిలబడి శనగపిండి తూకం వేస్తున్నాను. ఈ సంగతి చెప్పవలసిన మనిషికి ఆరేళ్లపాటు చెప్పలేదు. పైగా దానికి విరుద్ధంగా ఒక వ్యాసం కూడా రాశాను. మా వర్తక సంఘం సంచికలో అచ్చయిన ఆ వ్యాసంలో, మా గల్లీలో ఏ ఇంటి నుంచి శవం కదిలినా దుకాణాల షట్టర్లు సగం దిగుతాయనీ, అది దాటిపోయాకే మళ్లీ లేస్తాయనీ రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. అందులో ఒక రోజు గురించి అబద్ధం ఉంది. అది సరిచేయడానికే ఇప్పుడు రాస్తున్నాను.

మా గల్లీ నుంచి దబీర్‌పురా స్టేషన్‌కు నడిచి వెళ్లొచ్చు. గల్లీ మొదట్లో మాది మూడు తరాల కిరాణా దుకాణం. లోపల ఏ ఇంట్లో ఎవరు పోయినా మా ముందు నుంచే పెద్ద రోడ్డెక్కాలి. అందుకని షట్టరు ముందు మేం దించేవాళ్లం. ఆ చప్పుడు విని మిగతా దుకాణాలవాళ్లు దించేవారు. పాడె అయినా జనాజా అయినా ఇదే పద్ధతి. మా నాన్న రోజుల్లో ఏడాదికి రెండు మూడుసార్లకు మించి ఈ పని పడేది కాదు. పోయిన మనిషి బెల్లం చాయ్ తాగేవాడో చక్కెర చాయ్ తాగేవాడో కూడా మాకు తెలిసేది.

నా కళ్ల ముందే వాకిళ్లున్న ఇళ్లు పోయి నాలుగంతస్తుల బిల్డింగులు లేచాయి. ఒక్కో అంతస్తులో మూడేసి పోర్షన్లు. ఆఫీసు ఉద్యోగాల మీద కోస్తా నుంచి వచ్చినవాళ్లు, జిల్లాల నుంచి చదువులకు వచ్చినవాళ్లు, పని కోసం ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు దిగారు. నల్లా నీళ్లు సన్నబడ్డాయి. రెండు వైపులా బైకులు నిలిచి గల్లీ ఇరుకైపోయింది. ఒకప్పుడు మనిషి మెట్టెక్కకముందే ఏ పప్పు కావాలో తెలిసి పొట్లం కట్టేవాణ్ని. ఇప్పుడు సగం మొహాలు కొత్తవే. అది నన్ను నిజంగానే బాధపెట్టేది. అయితే నేనూ వెనక వాకిలి తీయించి మూడంతస్తులు వేసి కిరాయిలకిచ్చినవాణ్నే. వచ్చిన జనంతోనే నా దుకాణం పెద్దదైంది. సాయంత్రం చాయ్ తాగుతూ జనం ఎక్కువయ్యారని తిట్టుకునేవాళ్లం. గ్లాసులు కింద పెట్టి మళ్లీ ఆ జనానికే సరుకు కట్టేవాళ్లం.

"మీకు గిరాకీ కావాలె, మనుషులే వద్దు," అని నా భార్య లోపలి నుంచి అనేది.

అలా వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన ఉండేవాడు. కోస్తాలో రైల్వే బుకింగ్ క్లర్కుగా చేసి, భార్య పోయాక ఇక్కడ కొడుకు దగ్గరికి వచ్చాడు. కొడుకుది సర్కారు ఆఫీసులో ఉద్యోగం. గల్లీ చివరి బిల్డింగులో రెండో అంతస్తులో కిరాయికి ఉండేవారు. పెద్దాయన రోజూ పదకొండింటికి దిగి వచ్చి మా దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని పేపరు చదివేవాడు. పేపరు కంటే ఆయనకు గల్లీలోకి వచ్చే సామాన్ల ఆటోలంటే ఇష్టం. సామాను చూసి దిగబోయే సంసారం లెక్క చెప్పేవాడు.

"చూడండి, మంచం ఒకటి, పరుపులు ఐదు. ముసలాళ్లు వెనక బస్సులో వస్తున్నారు," అనేవాడు.

"మీకెట్ల తెలుసు సార్?"

"వాకింగ్ కర్ర ముందే పంపేశారుగా. అదిగో, బకెట్లో."

మర్నాడు నిజంగానే ఇద్దరు ముసలివాళ్లు దిగేవారు. ఎవరైనా జాడీలు దించితే ఆయన మొహం వెలిగేది. "మా వైపు వాళ్లేనండీ, ఆవకాయ లేకుండా ఇల్లు కదలరు," అనేవాడు. తానూ అలా వచ్చినవాడినే అన్న సంగతి మరిచిపోయి, "ఇంకెంతమంది పడతారండీ మన గల్లీలో," అని నాతో సమానంగా చిరాకు పడేవాడు. నాకది నవ్వు తెప్పించేది.

ఒక రోజు ఆయన స్టూలు మీద ఉండగానే మా దుకాణదారుల మధ్య షట్టర్ల మాట వచ్చింది. ఆ వారంలో రెండుసార్లు షట్టర్లు దించాల్సి వచ్చింది. రెండుసార్లూ పోయింది ఎవరో మాలో ఎవరికీ తెలియదు.

"ఎన్నిసార్లు దించాలె అన్నా? గిరాకీ నిలవడ్తలేదు," అన్నాడు పక్కన స్టీలు సామాన్లు అమ్మే ఆయన. "మూల మీద కొత్త హాస్టల్ గూడ పడ్డది. ఇగ రోజు దించుడేనా?"

అందరూ నావైపు చూశారు. మొదటి షట్టరు నాది కనుక నా మాటకు కొంత బరువుండేది.

"గల్లీల పుట్టి పెరిగినోళ్లకు దించుదాం. కిరాయికున్నోళ్లకు అక్కర్లేదు," అన్నాను.

ఎదురుగా టైలరు దుకాణం నడిపే భాయ్ టేపు మెడలో వేసుకుని నిలబడ్డాడు. ఆయన తండ్రి మా నాన్నకు దోస్తు. "అయితె నాకు దించరా సేఠ్? నా దుకాణం కిరాయిదే," అన్నాడు.

"నీది వేరె భాయ్," అన్నాను. అందరూ నవ్వారు.

పెద్దాయన పేపరు మడిచాడు. "రూలు బాగానే ఉంది. మరి నేనెటు వైపండీ?" అని అడిగాడు.

"మీరు మావోళ్లే సార్. మీకేం ఫికర్," అన్నాను. ఆయన మళ్లీ పేపరు విప్పాడు.

రంజాన్ నెల మొదలవడానికి ముందు రోజు మా దుకాణంలో కాలు పెట్టే సందుండదు. ఖర్జూరాలు, శనగపిండి, సేమియా అన్నీ ఆ ఒక్క రోజే కావాలి అందరికీ. అలాంటి రోజు పొద్దున్నే ఆ బిల్డింగులోని ఒకావిడ పాల ప్యాకెట్ల కోసం వచ్చి, పెద్దాయన తెల్లవారుజామున నిద్రలోనే పోయాడని చెప్పింది. గిరాకీ కొంచెం తగ్గగానే వెళ్లి చూద్దామనుకున్నాను. అది తగ్గలేదు. నేను వెళ్లలేదు.

పన్నెండు దాటాక తీసుకొచ్చారు. బైకుల వల్ల శవవాహనం లోపలికి రాలేక పెద్ద రోడ్డు మీద ఆగింది. అంతదూరం భుజాల మీద మోయాలి. ముందు కొడుకు నిప్పుకుండ పట్టుకుని తల వంచుకుని నడుస్తున్నాడు. మోసేవాళ్లంతా అతని ఆఫీసు వాళ్లు. గల్లీ వాళ్లు ఒక్కరు లేరు.

ఎదురుగా భాయ్ షట్టరు లాగే కొక్కెం కర్ర చేతిలోకి తీసుకుని నావైపు చూశాడు. "క్యా సేఠ్?" అన్నాడు. నేను దించితే దించుదామని చూస్తున్నాడు. కౌంటరు ముందు ఇరవై మంది ఉన్నారు. అందులో ఇద్దరు నేను పెట్టిన రూలు విన్న దుకాణదారులే. ఇవాళ దించితే, రేపు ఇంకో కిరాయిదారు పోయినప్పుడు నా మాట నాకే అప్పజెప్తారనిపించింది. గిరాకీ పోతుందనీ అనిపించింది. రెంటిలో ఏది ముందు అనిపించిందో ఇప్పుడు చెప్పలేను. భాయ్ కేసి చూసి తల అడ్డంగా ఊపాను. ఆయన కర్రను గోడకు ఆనించేశాడు.

నేను బస్తాల వెనక్కి వెళ్లాను. సరిగ్గా మా దుకాణం ముందు నీళ్ల క్యాన్ల బండి అడ్డం ఉండి పాడె ఆగింది. బండివాడు క్యాన్లు దించి దారి ఇచ్చేదాకా అక్కడే నిలబడ్డారు. గిరాకీలో బురఖా వేసుకున్న ఒక ముసలావిడ, ఎన్నడూ చూడని మనిషి, పక్కకు జరిగి తల మీది ముసుగు సర్దుకుంది. "మయ్యత్ జారీ సేఠ్, జర ఠైరో," అంది నాతో, శవం వెళ్తోంది కాస్త ఆగమని. నా చేతులు ఆగలేదు. ఆవిడకు కావలసిన శనగపిండే అప్పుడు నేను తూకం వేస్తున్నది. పొట్లం కట్టి కౌంటరు మీద పెట్టాను. పాడె వెళ్లిపోయాక గాని ఆవిడ దాన్ని తీసుకోలేదు.

వారం తర్వాత కొడుకు దుకాణానికి వచ్చాడు. గుండు మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు. పదకొండో రోజు భోజనానికి రమ్మని పిలిచాడు.

"ఆ రోజు మీరు సరుకు కోసం బేగంబజారు వెళ్లినట్టున్నారు. మా ఆవిడతో అదే అన్నానండీ. ఆయన ఉంటే షట్టరు దించకుండా ఉండరు అని. నాన్నగారు ఆ సంగతి చాలాసార్లు చెప్పేవారు," అన్నాడు.

అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. నేను ఒప్పుకోవడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు. "భోజనాలకు ఎంతమంది వస్తున్నరు?" అని అడిగాను. అతను చెప్పాడు. విస్తరాకులు మా దుకాణం నుంచే పంపిస్తానన్నాను, పంపించాను కూడా. భోజనానికి వెళ్లి మూడోవరసలో కూర్చుని తిని వచ్చాను.

ఏడాదికి వాళ్ల బిల్డింగు ఓనరు దాన్ని కూల్చి ఇంకా పెద్దది కట్టాలనుకున్నాడు. వాళ్లు సైదాబాద్ వెళ్లిపోయారు. వెళ్లేరోజు ట్రాలీ ఆటో మా ముందు నుంచే పోయింది. నేను చెయ్యి ఊపాను.

ఆ తర్వాత మేం కిరాయిదారులకు కూడా షట్టర్లు దించడం మొదలుపెట్టాం. దాని గురించి ఎవరం మాట్లాడుకోలేదు. వాళ్లు వెళ్లిన మూడు నెలలకు హాస్టల్లో ఒక కుర్రవాడు జ్వరంతో పోయాడు, అప్పుడు నేనే దించాను. మిగతావాళ్లూ దించారు. అందుకే ఈ ఏడాది సంచికకు వ్యాసం అడిగినప్పుడు ధైర్యంగా రాయగలిగాను. భాయ్ దాన్ని ఎవరిచేతనో చదివించుకున్నాడు.

"మస్తు రాసినవ్ సేఠ్," అన్నాడు. తర్వాత గుండీ కుట్టుకుంటూ, "ఒక్క రోజుది ఇడిసిపెట్టినవ్," అన్నాడు. దారం తెంపి, "నేను గూడ దించలె కదా. నిన్ను చూస్కుంట కూసున్న," అన్నాడు.

రెండు రోజుల తర్వాత సైదాబాద్ నుంచి కొడుకు ఫోన్ చేశాడు. సంచిక ఎలాగో అతని చేతికి వెళ్లింది. "నాన్నగారి గురించే రాశారనిపించిందండీ. చదివి మా ఆవిడ ఏడ్చింది. ఇంకో రెండు కాపీలు ఉంటే ఇస్తారా, మా చెల్లెళ్లకు పంపిస్తాను," అన్నాడు.

ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్లాను. నా భార్యకు అప్పుడే మొదటిసారి చెప్పాను. ఆమె అంతా విని, "కాపీలు తీస్కపోకుండ్రి. మీరు పోండ్రి," అంది.

ఆదివారం పొద్దున స్కూటరు మీద వెళ్లాను. అపార్టుమెంటులో మూడో అంతస్తు. కొడుకు తలుపు తీసి నవ్వుతూ లోపలికి పిలిచాడు. కోడలు మంచినీళ్లు తెచ్చింది. ఆమె లోపలికి వెళ్లబోతుంటే ఉండమన్నాను. నీళ్లు తాగకుండా చెప్పేశాను.

"ఆ రోజు నేను బేగంబజార్ పోలేదు. దుకాణంలనే ఉన్న."

కొడుకుకు ముందు అర్థం కాలేదు. "ఏ రోజండీ?" అన్నాడు. తర్వాత అర్థమైంది. "లోపలే ఉన్నారా?"

"లోపలనే."

"మేం మీ ముందే ఆగాం కదండీ. క్యాన్ల బండి అడ్డమొచ్చి."

"చూసిన."

కోడలు గోడకు ఆనుకుంది. అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. కింద ఎవరో బైకు తీయమని హారన్ కొడుతున్నారు.

"ఎందుకండీ?" అని అడిగాడు చివరికి. కోపంగా అడగలేదు.

రంజాన్ గిరాకీ గురించి మొదలుపెట్టాను. రూలు గురించి చెప్పబోయాను. రెండు మాటలు అనేసరికి అవి నా చెవికే బాగా లేవు. ఆపేశాను.

"మీ నాయిన ఉన్నన్ని రోజులు మావోళ్లే అన్న. పోయినంక కిరాయికున్నాయన అనుకున్న. తెలిసే చేసిన. మీరడిగిన రోజు గూడ చెప్పలె, మీద నుంచి గొప్పగ రాసుకున్న. తప్పు నాదే. మీ ఇద్దరు నన్ను క్షమించుండ్రి."