ఊట దగ్గర పాతిన రాయి

మా కొండ మీద ఇప్పుడు మూడు నల్లరాతి పలకలున్నాయి. వెనకటి పితూరీ రోజుల్లో సర్కారు పటాలం ఎక్కడ దిగింది, ఎక్కడి నుంచి కాల్చింది, మనవాళ్ళు ఎక్కడ పొంచి ఉన్నారు అన్నది వాటి మీద చెక్కి ఉంది. మొదటి రెండూ సరైన చోటే ఉన్నాయి. మూడోది తప్పు. దాన్ని అక్కడ పాతించింది నేనే, మా చెల్లెలి మీద కుళ్ళుతో.

నేను గూడెం కొత్తవీధి వైపు ఒక బడిలో పంతులమ్మని. ఆరో ఏటే నన్ను ఆశ్రమ పాఠశాల హాస్టల్లో వేశారు. చెల్లెలు బడి మొహం చూడలేదు, మామ్మ దగ్గరే పెరిగింది. మామ్మ తండ్రి ఆ పితూరీలో విల్లు పట్టినవాడు. నేను సెలవులకు వచ్చేసరికి చెల్లెలు మామ్మ ఒళ్ళో కూర్చుని కథలు వింటూ ఉండేది. నన్ను చూసి కాస్త జరిగేది, అంతే. లేచేది కాదు. ఆ జరగడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

మామ్మ పోయాక, నిరుడు పలకలు పాతడానికి ఆఫీసువాళ్ళు ఇద్దరు జీపులో వచ్చారు. చేతిలో పాత పటం జిరాక్సు. అందులో వాగు ఒకవైపు ఉంటే, మా వాగు ఇంకోవైపు పారుతోంది. పంతులమ్మని కదా, నన్నే అడుగుతారని ఇస్త్రీ చీర కట్టుకుని అందరికంటే ముందు నిలబడ్డాను. ఊరివాళ్ళు మాత్రం చెల్లెల్ని కాఫీ తోటలోంచి పిలుచుకొచ్చారు.

అది కొంగు బిగించి ముందు నడిచింది. "సిపాయిలు ఇక్కడ దిగినారు బాబూ. ఇదిగో, ఇక్కడ పొయ్యిలు పెట్టినారు" అని కర్రతో గీసి చూపించింది. తవ్వించి చూస్తే మట్టి కింద మాడిన రాళ్ళు బయటపడ్డాయి. అప్పటి నుంచి ఆఫీసరు దాన్ని "అమ్మా, మీరు" అనడం మొదలుపెట్టాడు. నన్ను ఎవరో మంచినీళ్ళు తెమ్మన్నారు. తెచ్చాను. లోపల ఉడికిపోతూనే తెచ్చాను.

మూడో చోటు కోసం చెల్లెలు ఇంకా పైకెక్కి, నెర్రె విచ్చిన పెద్ద బండ చూపించింది. "మనోళ్ళు దీని ఎనకాల ఉన్నారు. పొద్దల్లా."

"కాదండీ" అన్నాను నేను. "కింద, ఊట దగ్గర. మా మామ్మ నాకు స్వయంగా చూపించింది."

మామ్మ నాకు ఊట చూపించిన మాట నిజమే. మనవాళ్ళు ఇక్కడ నీళ్ళు తాగారని చెప్పింది. పొంచి ఉన్నారని చెప్పలేదు. అన్నేళ్ళలో ఆవిడ నాకు చూపించిన చోటు అదొక్కటే. ఒక్క రాయైనా నా చోట పడాలనిపించింది.

ఆఫీసరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "టీచరుగారు చెబుతున్నారు కదా" అని రాసుకున్నాడు. చెల్లెలు దెబ్బలాడుతుందనుకున్నాను, నేనూ సిద్ధంగానే ఉన్నాను. అది మాత్రం "అప్ప సదువుకున్నాది. అప్పకే తెలుస్తాది" అని కర్ర భుజాన వేసుకుని తోటకు పోయింది. గెలిచానన్న సంతోషం కూడా నాకు దక్కనివ్వలేదు.

పెద్దల పేరున రాయి నిలబెడితే, మా వైపు ఏటేటా కొత్తల పండగనాడు దానికి కొత్త బియ్యం పెడతారు. పెట్టకపోతే ఆ పెద్దలు పస్తుంటారని నమ్మకం. మొన్న పండగనాడు పొద్దున్నే చెల్లెలు ఆకుదొన్నెలో బియ్యం, పసుపు పట్టుకుని కొండెక్కుతోంది. బండ దగ్గరికేనని తెలుసు. నలుగురిలో నాది తప్పని తేల్చడానికే ఇదంతా అనుకుని వెనకాలే వెళ్ళాను. బండకు పసుపు రాసి బియ్యం పెట్టింది. తర్వాత ఊటకు దిగి, నా రాయికీ పెట్టింది.

"దీనికెందుకే? ఇది తప్పుడు సోటని నీకు తెలుసు కదా" అన్నాను. ఆ మాట నేను పైకి అనడం అదే మొదలు.

"నిలబెట్టేసినాక ఆకలితో ఉంచకూడదప్పా."

"మామ్మ నీకు అన్నీ సూపించింది. నాకు ఈ ఊట ఒక్కటే" అన్నాను.

చెల్లెలు ఊటలో చేతులు కడుక్కుంది. "కళ్ళు పోయినాక మామ్మని ఈపున మోసుకుని ఈ కొండంతా తిప్పినాను. రాళ్ళు సేత్తో తడిమి సెప్పీది. సెప్పిన పెతిసారీ, 'ఇది అప్పకి సెప్పే, అది రాసుకుంటాది' అనీది. నాకోసమని ఒక్కటీ సెప్పలేదప్పా."

"మరి నువ్వు నాకెందుకు సెప్పలేదే?"

"సెప్పేత్తే నాకేటి మిగులుతాది?"

ఆ సాయంత్రం, రాయిని పైకి మార్చమని ఆఫీసుకు అర్జీ రాశాను. చెల్లెలు చెబుతుంటే బండ కథంతా పూసగుచ్చినట్టు రాశాను. కింద నా పేరు పెట్టుకోలేదు. చెల్లెలు వేలిముద్ర వేసింది. కాగితం మీద ఆ సిరా మరక చూసి, నిజం చెప్పొద్దూ, మళ్ళీ కుళ్ళుకున్నాను.