తుర్విహాళ సబ్బు ఇటుక

ఆ రోజుల్లో నాకు తెలియని దేశం లేదనుకునేవాణ్ణి, చూసిన ఊళ్లు మాత్రం రెండో మూడో. తుంగభద్ర కాలవ నీళ్లు కొత్తగా పారుతున్న కాలం. తుర్విహాళ బడిలో సోషలు మాస్టారుగా చేరి, కోస్తా నుంచి వచ్చి పక్కనే వలస రైతులు కట్టుకున్న క్యాంపులో ఉంటూ వరి వేస్తున్న మా బాబాయి ఇంట్లో దిగాను. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని మర్నాటి పాఠం పైకి చదువుకునేవాణ్ణి (నా గొంతంటే నాకు కాస్త ఇష్టం). ఒకనాటి పాఠం కరేబియన్ సముద్రంలోని ఓ బుల్లి ద్వీపంలో పరిశ్రమల గురించి. చెరకుతో పంచదార, కొబ్బరినూనెతో సబ్బు, అన్నీ అక్కడే చేస్తారట. ఎడ్లకు గడ్డి వేస్తున్న బాబాయి ఆగిపోయాడు.

"ఎంతుంటుందిరా ఆ దేశం?"

"మన తాలూకాలో సగం కూడా ఉండదు బాబాయ్."

"అంత చోట సబ్బు చేసేస్తున్నారా?" అని గడ్డిమోపు చేత్తో పట్టుకునే చాలాసేపు నిలబడ్డాడు. దేవుడి మహిమ విన్నవాడి మొహం అది. "అయితే మనమూ చేద్దాం" అన్నాడు.

మర్నాటికి క్యాంపంతా చాటేశాడు. కాలవ చివర చవిటి నేల కొన్నాడని అప్పటికే ఆయన్ని చూసి నవ్వేవాళ్లు; ఇదీ చెడితే తలెత్తుకోలేడని పిన్ని దిగులు. మా సైన్సు మాస్టారు కొలతలు చెప్పాడు. గిన్నె సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పిన్ని కొత్త అల్యూమినియం గుండిగలో కాస్టిక్ సోడా నీళ్లు కలిపేసరికి అది బుసలు కొట్టి, నల్లబడి, చిల్లులు పడింది. "నీ దేశంలో గిన్నెలు కూడా చేస్తారేమో కనుక్కో నాయనా" అంది పిన్ని. రెండోసారి మట్టికుండలో కలిపి, కొబ్బరినూనె పోశాం. బాబాయి తెడ్డుతో తిప్పీ తిప్పీ భుజాలు పడిపోయాక అది మెల్లగా చిక్కబడింది. అచ్చు లేదు కనుక ఇటుకల అచ్చులో పోశాం. ఘాటు తగ్గాలని కొన్ని వారాలు అటక మీద ఉంచాం.

ముక్కలు చేసేముందు ఆ ఇటుకను ఇటుకలాగే అందరికీ చూపించాలని బాబాయి పట్టుదల. ఆదివారం కాలవగట్టు మీద జనం చేరారు. పక్క పొలం అన్న, తుర్విహాళవాడే, మోచేతుల దాకా నల్లమట్టితో వచ్చి దాన్ని అందుకున్నాడు.

"ఏంది సార్ గిది? సబ్బంటిరి, ఇటిక ఇస్తిరి. గిట్ల బరువుంటె చేతుల ఎట్ల నిలుస్తది?"

అంటూనే నీళ్లలో ముంచి రుద్దాడు. ముందు ఏమీ రాలేదు. బాబాయి ఒక అడుగు ముందుకు వేశాడు. తర్వాత తెల్లగా, మెత్తగా నురగ పొంగింది. మట్టి జారిపోయి అతని చేతులు బయటపడ్డాయి. కొబ్బరి వాసన గట్టంతా కమ్ముకుంది. మేం చేసిందే అయినా నాకు ఒళ్లు జలదరించింది.

"మస్తుగున్నదన్నా" అని అతను బాబాయి వైపు తిరిగాడు. ఆ తిరగడంలో ఇటుక జారి బుడుంగుమని మునిగింది. మా పరిశ్రమ మొత్తం ఉత్పత్తి ప్రవాహంలో కొట్టుకుపోయింది. అతను దూకి వెతికాడు, దొరకలేదు. క్యాంపువాళ్లు నవ్వుతారనుకున్నాను. ఒక ముసలాయన మాత్రం, "మళ్లీ ఎప్పుడు చేస్తావయ్యా?" అని అడిగాడు. బాబాయి నా భుజం మీద చెయ్యి వేసి, "వచ్చిందిరా నురగ" అన్నాడు.

మళ్లీ చెయ్యలేదు, కోతలొచ్చాయి, నాకు మాన్వి బడికి బదిలీ అయింది. ఇప్పుడు అరిగిన సబ్బుముక్కను కొత్తదానికి అతికిస్తూ ఆ కుర్రపంతుల్ని తలుచుకుని నవ్వుకుంటాను. ఏమీ తెలియదు వాడికి. అయినా, పుస్తకంలో చదివింది వెళ్లి చేసెయ్యొచ్చని నమ్మాడు.