ఆఖరి చోటు, ప్యాసింజరు కూత

మా అక్క మనవరాలు కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతుంది. అమ్మాయిల పెద్ద టోర్నమెంటుకు జట్లన్నీ తేలిపోయి ఒక్క చోటే మిగిలిందట, దానికి వీళ్లూ మరో కాలేజీ వాళ్లూ పోటీ. ఎవరన్నది ఇవాళ సాయంత్రం తేలుస్తారట. పిల్లకిది ఆఖరి ఏడు. పొద్దుటినుంచి అక్క ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, నేనేమో గడియకోసారి వచ్చి అందులోకి తొంగిచూస్తున్నాను, ఎందుకంటే ఈ ఎదురుచూపు మా ఇద్దరికీ కొత్త కాదు.

మేము బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగాం, ఇప్పటికీ స్టేషనుకు దగ్గర్లోనే ఉంటున్నాం. మీలో రైలు కూతతో నిద్రలేచిన వాళ్లుంటే నేను చెప్పక్కర్లేదు, కూత వినగానే అది ఏ బండో, ఎవరు నడుపుతున్నారో కూడా చెప్పేసేవాళ్లం. పట్టాల పక్క మట్టి కోర్టులో ఆట నేర్చుకుని, కావలిలో కాలేజీ జట్టులో చేరి, అక్క కెప్టెనూ నేను దాని వెనక తోకా అయ్యాం. ఆ ఏడు కూడా ఇట్లాగే ఒక్క చోటు మిగిలింది. మేము ఎక్కువ ఆటలు గెలిచాం, కాకపోతే చిన్న జట్ల మీద. పోటీకొచ్చిన జట్టు ఎక్కువ ఓడింది, కానీ అందరికంటే పెద్ద జట్టును ఒకసారి మట్టి కరిపించింది. ఒక్కనాటి అదృష్టానికి పట్టం కడతారా అని నేను కనబడ్డ వాళ్లందరితో తగువు పడ్డాను. అక్క మాత్రం కోర్టులో బంతి వేస్తూనే ఉంది. తనకదే ఆఖరి ఏడు.

ఆ చోటు ఎవరిదో తేల్చే మీటింగు నెల్లూరులో. మా కోచ్ మేడమ్ సాయంత్రం ప్యాసింజరుకు తిరిగొస్తుంది, ఆ బండి నడిపేది మా పెదనాన్న. ఇంకేం, రైల్వే పిల్లలం కదా, మేడమ్ బండెక్కేముందు ఆయనకు కబురు చెప్పేట్టు, సెలెక్టయితే సిగ్నల్ దాటగానే పొడుగు కూత వేయాలనీ, లేకపోతే చప్పుడు చేయకుండా వచ్చేయాలనీ ఆయనతో ఒప్పందం చేసుకున్నాం. జట్టంతా పట్టాల పక్క కోర్టులో సిగ్నల్ వైపే చూస్తూ నిలబడ్డాం. ముందు పొగ కనబడింది, తర్వాత కాలనీ అదిరేలా ఆగని కూత. ఎగిరాం, ఏడ్చాం, అక్కను భుజాల మీదికెత్తుకుని ప్లాట్‌ఫారం దాకా ఊరేగించాం. మేడమ్ తలవంచుకుని దిగింది. పెదనాన్న ఇంజను మీంచే మొహం చిన్నబుచ్చుకుని, "పట్టాల మీదకి బర్రెగొడ్డొచ్చినాది తల్లీ, దాన్ని తోలేదానికి కూతేసినా" అన్నాడు. అక్క మెల్లగా భుజాల మీంచి దిగింది. ఆ తర్వాత బంతి ముట్టుకోలేదు.

ఇవాళ తమాషా ఏమిటంటే, ఎక్కువ ఓడి పెద్ద జట్టును ఒక్కసారి ఓడించింది ఈసారి మా పిల్ల జట్టే. పెద్ద జట్టును ఓడించడం మాటలా, అసలు సత్తా అంటే అదీ అని పొద్దుటినుంచి నేనే వాదిస్తున్నాను. అక్క నా వంక చూసి నవ్వింది.

ఆవిరి ఇంజన్లు పోయాయి, బండ్లు చాలావరకు మా ఊళ్లో ఆగకుండానే పోతున్నాయి. కబురు ఫోనులో ఉన్నదున్నట్టు వస్తుంది, పొరబాటునైనా కాసేపు సంతోషపడే వీల్లేదు. ఆనాడు కోర్టు నుంచి ప్లాట్‌ఫారం దాకా మాది సెలెక్టయిన జట్టే. ఆ కాస్త దూరం తలచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తాయి. ఇది రాస్తుండగానే ఏదో బండి పొడుగ్గా కూత పెట్టింది, నేను తెలియకుండానే లేచి నిలబడ్డాను. అక్క ఫోను మీంచి చూపు తిప్పకుండానే నా కొంగు పట్టి లాగింది.

"కూసోవే, బర్రెగొడ్డేమో."